మూయవలసిన తలుపు, తెరువవలసిన తలుపు

రెండేండ్ల క్రిందట వేసవిలో ఒకనాటి రాత్రి మేము మదీనాగూడలో మా బావమరదిగారి ఇంట బస చేసియుంటిమి. హైదరాబాదునుండి బొంబాయికి పోవు రాచబాటమీద, మియాపూరు దాటి చందానగరు చేరులోపల తగులు ఊరది. ఊరని అలవాటుచొప్పున అంటిమి గాని, ఇప్పుడక్కడ పాత ఊరు కానవచ్చుట కష్టము. బాటకు రెండు ప్రక్కల అంగళ్ళు, వాని వెనుక సందులలో అపార్టుమెంటులు, ఐ.టి. కంపెనీలకు రాత్రింబవళ్ళు మనుష్యులను చేరవేయు కార్ల రొద. మా వారిది ఐదంతస్తుల మేడ. వారుండునది నాలుగవ అంతస్తు. ఒంటిగంట దాటిన పిమ్మట నడవలో గంట మ్రోగనారంభించెను. గుడిగంట వలె నిలిచి మ్రోగునది కాదు. చెవిలో సూదితో పొడిచినట్లుండు కూత.

మేము ఉలికిపడి లేచితిమి. ప్రక్కగదినుండి మా బావమరదిగారు కదలకుండనే, "పడుకోండి బావగారూ, దానికి వారానికి రెండుసార్లు ఇది మామూలే" అనిరి. నడవలోనికి వచ్చి చూచితిమి. నాలుగిండ్లలో ఒక్క తలుపైనను తెరచుకొనలేదు. మనసు ఊరకుండక మెట్లు దిగి క్రిందికి పోయితిమి. అచ్చట మెట్లదారికి అడ్డముగా ఇనుప గ్రిల్ గేటు. దానికి అరచేయి వెడల్పున తాళము. గేటునకు ఆవలివైపున నులకమంచముమీద వాచ్‌మన్ లేచి కూర్చుండెను.

"ఏం లేదు సార్. నైట్ డ్యూటీకెళ్లి వచ్చినోళ్లు ఎవళ్లో పోపు పెట్టుకున్నట్టున్నరు. ఇది గిట్లనే మొత్తుకుంటది. పోయి పండుకోండ్రి" అని అతడు గోడకున్న ఎఱ్ఱని పెట్టెలో ఒక మీట నొక్కెను. గంట నోరు మూతపడెను. గేటునకు తాళమెందులకని అడిగితిమి. "పదికొట్టంగనే ఏస్తం సార్. మొన్న రెండు బండ్లు ఎత్కపోయిన్రు." తాళపుచెవి ఎవరి యొద్ద నుండునని మరల అడిగితిమి. "నా తాననే" అని తన చొక్కా జేబు తట్టి చూపెను. నీవు చాయ త్రాగుటకు పోయినప్పుడో యనగా, అతడు నవ్వి ఊరకుండెను.

ఆ రాత్రి మాకు మరల నిదుర పట్టలేదు. నిప్పు పుట్టినచో అందరిని లేపి బయటికి పంపవలసిన యంత్రము మేడలో నున్నది. ఆ బయటికి పోవు దారికే దొంగల భయమున తాళము పడినది. రెండును కాపుదల కొఱకు ఏర్పరచినవే. ఒక కాపుదల తలుపు మూయుమనును, మరియొకటి తెరువుమనును. ఈ తగవు నిన్న మొన్న పుట్టినది కాదు. దీని పూర్వోత్తరములు కొంత తెలిసికొనవలెనని మాకు ఆనాడే తోచినది. శ్రోతలలో అనేకులు ఇట్టి మేడలలో నివసించువారే గనుక, తెలిసినంత మేరకు ఇచ్చట విన్నవించుచున్నాము.

మదీనాగూడనుండి దక్షిణముగా కొన్ని మైళ్ళు పోయినచో గోలకొండ కోట వచ్చును. కోటను చూడబోయిన వారెవరును చప్పట్లు చరవకుండ తిరిగిరారు. ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద నిలిచి చేతులు చరచినచో ఆ ధ్వని సుమారు నాలుగువందల అడుగుల ఎత్తున కొండకొమ్మునగల బాలాహిస్సారు మంటపమున వినవచ్చును. గుమ్మటపు లోపలి వంపులు ధ్వనిని చెదరనీయక కూర్చి పైకి పంపుటయే ఇందులోని కీలకము. విద్యుత్తు లేని దినములలో ఇంతకుమించిన హెచ్చరిక గంట యేమి కావలెను? ద్వారమునొద్ద వచ్చినది మిత్రుడో శత్రువో పైనున్న వారికి క్షణములో తెలియును.

అయినను 1687లో ఔరంగజేబు సైన్యములు ఎనిమిది నెలల కాలము కోటను ముట్టడించినప్పుడు కుతుబ్‌షాహీలను ఒకమారు కాపాడినది ఈ చప్పట్ల నేర్పు కాదు, ఒక వీధికుక్క. మొగలు చరిత్రకారుడైన ఖాఫీఖాన్ ఈ ముచ్చట వ్రాసిపెట్టినాడు. ఒకనాటి రాత్రి మొగలు సైనికులు కొందరు నిచ్చెనలు వైచి గోడనెక్కిరి. కావలివారు గుర్తింపలేదు, గోడమీద తిరుగుచున్న కుక్క గుర్తించి మొరిగెను. లోపలివారు మేల్కొని ఎక్కినవారిని పడద్రోసిరి. సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, మణులు తాపిన పట్టెడ వేయించి తన చెంతనే ఉంచుకొనెనట. భద్రాచల రామదాసు కథలో మనకు పరిచితుడైన తానీషాయే ఇతడు.

కుక్క చేసిన మేలు కొలదికాలమే నిలిచెను. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో అబ్దుల్లాఖాన్ పన్నీ యను సర్దారు లంచమునకు లోబడి నడిరేయి లోపలినుండి చిన్నతలుపు గడియ తీసెను. మొగలులు చొరబడిరి. అబ్దుర్ రజాక్ లారీ యను వీరుడొక్కడు డెబ్బదికి మించిన గాయములు తిని నేలకూలువరకు పోరాడెను. పిమ్మట బ్రదికెను కూడ. మొగలులు విజయముతో ప్రవేశించిన ద్వారమునకు ఫతే దర్వాజా యను పేరు నిలిచిపోయినది. తలుపు తెరచుట యనిన కోటను పోగొట్టుకొనుటయే యని ఆనాటి వారికి తోచినచో వింత లేదు. కోటల కాలపు భద్రతాశాస్త్రమంతయు తలుపు మూయుటయందే యున్నది. గోలకొండ ద్వారములకు గుచ్చిన ఇనుప మేకులు నేటికిని ఆ మాటనే చెప్పుచున్నవి.

కాని నగరము వేరు, కోట వేరు. నగరములో వేలకొలది పొయ్యిలుండును. ఈ సంగతి కనిపెట్టి రెంటికిని ఒక్కచోటనే ఏర్పాటు చెప్పిన గ్రంథము మనకు గోలకొండకంటె ఎన్నియో శతాబ్దముల ముందే కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో నగరాధికారి విధులు చెప్పు ప్రకరణము చదువదగినది. వేసవిలో పగటి నడిమి భాగములందు ఇంట నిప్పు రాజేయరాదు. వంట ఇంటి వెలుపల చేసికొనవలెను. ప్రతి గృహస్థుడును నీళ్ళకుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలెను. వీధులలోను, కూడళ్ళలోను, ద్వారములయొద్దను వేలకొలది నీటికడవలు వరుసగా నిలుపవలెను. ఇల్లు కాలుచుండగా ఆర్పుటకు పరుగెత్తి రాని ఇంటి యజమానికి పన్నెండు పణములు, అద్దెకున్నవానికి ఆరు పణములు జరిమానా. ఏమరుపాటున నిప్పంటుకొననిచ్చినవానికి ఏబదినాలుగు పణములు. యజమానికంటె అద్దెకున్నవానికి సగమే వేయుటలో ఎంత లోకజ్ఞానమున్నదో గమనింపుడు.

ఇదియంతయు ఒక ఎత్తు. ఆ ప్రకరణముననే మరియొక నియమము కలదు. రాత్రి తూర్యధ్వని అయిన పిమ్మట వీధులలో తిరుగువారిని పట్టుకొందురు. అది దొంగల బెడదకు వేసిన తాళము. అయితే పురుటికి పోవువారిని, వైద్యునికై పోవువారిని, పీనుగు వెంట పోవువారిని, దీపము పట్టుకొని నడచువారిని, అగ్ని నిమిత్తము పరుగెత్తువారిని పట్టరాదు. నగరమునకు తాళము వేయుమని ఆజ్ఞాపించిన ఆ చేతితోనే, నిప్పు లేచినప్పుడు ఆ తాళము దానంతట తొలగవలెనని వ్రాసినాడన్న మాట. మదీనాగూడ మేడలోని గ్రిల్ గేటునొద్ద మాకు లోపించినదిగా కనబడినది సరిగా ఈ వాక్యమే.

మన పల్లెలలో ఈ తగవు అంతగా లేకపోయెను. తాటాకు ఇండ్లకు తలుపులు నామమాత్రములు. వేసవిలో ఒక ఇంట రేగిన నిప్పు గాలివాటున వాడవాడను నాకివేయుట కోస్తా గ్రామములలో పెద్దలు చూచిన సంగతియే. కాని మనుష్యులు వెంటనే బయటపడుదురు, పోవునది గింజయు గుడ్డయు. తలారి గస్తీ తిరుగుచు కేకవేయును. ఆ కేక దొంగకును నిప్పునకును ఒక్కటే. మేడమీద మేడ కట్టి, మెట్లదారి యొక్కటి పెట్టి, వాకిట తాళము వేసినప్పుడు గదా చిక్కు వచ్చినది. ఆ చిక్కు మొదట పాశ్చాత్య నగరములలో వచ్చినది గనుక దాని మందు కూడ అచ్చటనే వెదకిరి.

1852లో అమెరికాలోని బాస్టను నగరమున చానింగ్ అను వైద్యుడును ఫార్మర్ అను ఇంజనీరును కలిసి తంతితీగెలతో అగ్నిసూచక వ్యవస్థ నెలకొల్పిరి. వీధి మూల పెట్టెలో పిడి త్రిప్పినచో ఏ వీధిలో నిప్పు లేచినదో కేంద్రమునకు తెలియును. మరుసటి ఏట, అనగా 1853లో, ఆ ప్రాంతమువాడే యైన అగస్టస్ పోప్ తలుపునకో కిటికీకో తీగె తగిలించి, అది తెరువబడినచో గంట మ్రోగునట్లు దొంగల గంటకు పేటెంటు పొందెను. ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కు కొని వ్యాపారము చేసెను. నిప్పు గంట, దొంగ గంట ఒకే ఊరి చుట్టుపట్ల ఒక్క యేడు ఎడముగా పుట్టినవి. కవల పిల్లలన్నను తప్పులేదు. కాని అవి చిన్ననాటినుండియు ఒకదాని మాట నొకటి వినలేదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1874లో హెన్రీ పార్మెలీ తన పియానో కర్మాగారమును కాపాడుకొనుటకు ఇంటికప్పునుండి తనంతట నీరు చిమ్ము స్ప్రింక్లరును చేసెను. గ్రిన్నెల్ దానిని బాగుచేసెను. నేడు మన మేడల కప్పులలో నున్న వానిలో ఎఱ్ఱని ద్రవము నింపిన చిన్న గాజుగొట్టముండును. వేడి 68 డిగ్రీలకు రాగానే అది పగిలి నీరు వెడలును. సినిమాలలో చూపునట్లు అన్నియు ఒక్కసారి కురియవు. ఎచ్చట వేడి తగిలెనో అచ్చటిది మాత్రమే తెరచుకొనును. 1890లో ఎడిసన్ సహచరుడగు ఫ్రాన్సిస్ అప్టన్ వేడిని గుర్తించు విద్యుత్ గంటకు పేటెంటు తీసికొనెను.

వేడికంటె ముందు పొగ వచ్చును. దానిని పట్టుకొన్న తీరు కొంత వినోదకరము. 1930 దశకము చివర స్విట్జర్లాండులో వాల్టర్ యేగర్ అను శాస్త్రజ్ఞుడు విషవాయువును పసిగట్టు పరికరము చేయబూని విఫలుడై విసుగుతో సిగరెట్టు ముట్టించెనట. విషవాయువునకు కదలని ముల్లు సిగరెట్టు పొగకు కదలెను. అతని దేశీయుడే యగు ఎర్నెస్ట్ మైలీ ఆ సూత్రమును సాగదీసి పొగను గుర్తించు యంత్రమును తయారు చేసెను. అమెరీషియమను రేడియోధార్మిక పదార్థపు రవ్వ లోపలి గాలిని విద్యుత్తు ప్రవహించునట్లు చేయుచుండును. పొగ కణములు చొచ్చినప్పుడు ప్రవాహము తగ్గును, గంట మ్రోగును. ఇది ఒక జాతి. వెలుగు పుంజమును ప్రసరింపజేసి, పొగవలన అది చెదరుటనుబట్టి గ్రహించునది రెండవ జాతి. మొదటిది మండు మంటల సన్నపొగను త్వరగా పట్టును. పోపుపొగకు కూడ త్వరగా అదరిపడును. రెండవది పరుపు, దిండు వంటివి నివురుగప్పి కుమిలిన దట్టపు పొగను ముందు పట్టును. వంటఇంట ఈ రెంటిని గాక వేడిని మాత్రమే కనిపెట్టు దానిని పెట్టవలెనని తెలిసినవారందురు. మా బంధువుల మేడలో వంటఇండ్ల తలుపుల ఎదుటనే, నడవలో, పొగను పట్టునది పెట్టియుండిరి. వారానికి రెండుసార్లు అది మ్రోగుట దాని తప్పు కాదు.

ఇక తలుపు సంగతి. 1911 మార్చి 25వ తేదీన న్యూయార్కులో ట్రయాంగిల్ అను రవికల కర్మాగారము కాలి 146 మంది చనిపోయిరి. అత్యధికులు వలస వచ్చిన పేద బాలికలు. కర్మాగారము పదంతస్తుల మేడలో పై మూడంతస్తులందుండెను. నిప్పు ఎనిమిదవ అంతస్తులో పుట్టెను. అచ్చటివారు పదవ అంతస్తులోని యజమానులకు టెలిఫోను చేసిరి; నడుమనున్న తొమ్మిదవ అంతస్తునకు కబురు పోలేదు. తొమ్మిదవ అంతస్తులో రెండు మెట్లదారులుండెను. ఒక దారి మంటలపాలయ్యెను. రెండవదాని తలుపునకు తాళము. ఎందులకు? పనిపిల్లలు గుడ్డముక్కలు దొంగిలించుకొని పోకుండ, సాయంకాలము ఒకే వాకిట సంచులు సోదా చేసి పంపుటకు. తాళపుచెవిగల మేస్త్రి అప్పటికే బయటపడియుండెను. ఆ మేడ అగ్నికి చెడనిదని పేరు మోసినది. నిజముగనే చెడలేదు, నేటికిని నిలిచియున్నది.

దానికి ఏడేండ్లకు పైగా ముందు, 1903 డిసెంబరులో, చికాగో నగరపు ఇరాక్వాయ్ నాటకశాలలో ఆరువందలమందికి పైగా మడిసిరి. అచ్చటను తలుపులు తాళములు పడియో, తెరచు కిటుకు తెలియకయో చిక్కుపడిరి. ఆ ఆట చూడబోయి ఏదో పనివలన ఆగి బ్రదికిన ప్రింజ్లర్ అను ఇనుపసామానుల వ్యాపారి, దానిని మరువలేక, ఒక వాస్తుశిల్పి సాయమున క్రొత్త గడియ నొకటి రూపొందింపజేసెను. 1908లో అది అంగళ్ళకు వచ్చెను. బయటివానికి తలుపు మూసియే యుండును. లోపలివాడు అడ్డకమ్మిపై చేయిగాని తొడగాని ఆనించి త్రోసినంతనే తెరచుకొనును. నేటి మాల్సులలోను, సినిమాహాళ్ళలోను తలుపునకు అడ్డముగా కనబడు ఇనుపకమ్మి అదియే. మా లెక్కకు ఈ నూటయేబది యేండ్లలో వచ్చిన కాపుదల సాధనములన్నిటిలో ఇదియే మిన్న. దానికి విద్యుత్తు అక్కరలేదు, వాచ్‌మన్ అక్కరలేదు. కౌటిల్యుని నియమమును ఇనుముతో చేసినట్లున్నది.

ఇప్పుడు మన సీమకు మరలుదము. హైదరాబాదునకు ఎలక్ట్రానిక్సు విద్య ఐ.టి. కంపెనీలతో వచ్చినదని క్రొత్తతరమువారనుకొందురు. అంతకు ముప్పది యేండ్లకు పూర్వమే, 1967 ఏప్రిలు 11వ తేదీన, నగరమునకు తూర్పుదిక్కున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్. స్థాపింపబడెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దాని సంస్థాపకులు. అణుశక్తి సంస్థలకు పరికరములు చేయుటతో ఆరంభమైన ఆ కర్మాగారము ఎన్నికల యంత్రములతోబాటు రాకపోకల నియంత్రణ యంత్రములు, కావలి కెమెరాలు మున్నగు భద్రతా సామగ్రిని కూడ దేశమునకు సమకూర్చినది.

1998 నవంబరు 22వ తేదీన ప్రధాని వాజపేయిగారు మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిరి. బండరాళ్ళ నడుమ పదంతస్తుల గుండ్రని మేడ లేచుట ఆనాడు వింత. దాని చుట్టును వందలకొలది మేడలు లేచినవి. 2007 ఏప్రిలులో శేరిలింగంపల్లి పురపాలకము మహానగరమున కలసిపోయెను. దానితో మదీనాగూడ కూడ నగరమాయెను. 2017 నవంబరులో మియాపూరునుండి మెట్రోరైలు నడచుట మొదలిడగా సందులలో ఖాళీ జాగా మిగులలేదు. కంపెనీల కార్యాలయములలో ఉద్యోగి మెడలోని కార్డు చూపినగాని తలుపు తెరచుకొనదు. ఆ అలవాటు ఇండ్లకును ప్రాకినది.

మధ్యలో రెండు ఘోరములు జరిగినవి. 2007 ఆగస్టు 25న లుంబినీపార్కులోను, కోఠీలోని గోకుల్ చాట్‌లోను, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లోను బాంబులు ప్రేలినవి. 2013లోనే ప్రజాభద్రతా చర్యల అమలు చట్టము వచ్చెను. నూరుగురు గాని అంతకు మించి గాని ఒకచోట గుమికూడు దుకాణములు, ఆసుపత్రులు, విద్యాలయములు మొదలగునవి రాకపోకలను నియంత్రించి, కెమెరాలు పెట్టి, ముప్పది దినముల దృశ్యములను భద్రపరుపవలెను. సైబరాబాదు పోలీసులు 'నేను సైతం' అను పేర కాలనీవాసుల చేత కెమెరాలు పెట్టించిరి. ఇది మంచిపనియే; మేము కాదనము. కాని ఈ పదేండ్లలో మన మేడలలో మూయు చేయి ఎంత బలసినదో, తెరచు చేయి అంత బలియలేదు.

తెరచు చేతికి చట్టము లేక కాదు. 1999 నాటి అగ్నిమాపక చట్టము కలదు; జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో తిరుగవ్రాయబడినది. వ్యాపార భవనము 15 మీటర్లు మించినను, నివాస భవనము 18 మీటర్లు మించినను అగ్నిమాపక శాఖ అనుమతి కావలెను. అందుచేతనే కాబోలు స్టిల్టుమీద ఐదంతస్తులు వైచి ఆ గీటునకు లోపలనే ఆగిపోయిన మేడలు మదీనాగూడలో సందుసందునను కలవు. మా బంధువుల మేడ అట్టిదే. చట్టము అడుగకున్నను గంట పెట్టించుట, అమ్మకపు కరపత్రములో ఒక పంక్తి కొఱకై యుండును.

అయస్కాంతపు తాళముల విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తలుపు చట్రమున ఒక విద్యుదయస్కాంతము, తలుపునకు ఇనుపపలక. విద్యుత్తున్నంతసేపు రెండును అతుక్కొనియుండును. పదిమంది లాగినను రావు. విద్యుత్తు ఆపినంతనే వీడును. నిప్పు గంట మ్రోగినప్పుడు ఆ తాళముల విద్యుత్తు తనంతట తెగునట్లు తీగె కలుపవలెనని నియమము. ఈ తీగె పొడవు కొన్ని గజములే. కాని నిప్పు గంట పెట్టువాడొకడు, తాళములు పెట్టువాడు వేరొకడు. ఒకని పెట్టెను మరియొకడు ముట్టడు. 1852, 1853 నాటి కవలలు నేటికిని పలుకరించుకొనుట లేదు.

దాని ఫలితమెట్టిదో మన నగరమే చూచినది. 2012 నవంబరులో ఈ ఐ.టి. సీమలోనే పుప్పాలగూడలోని ఒక అపార్టుమెంటున ఆరుగురు చనిపోయిరి. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోదాముపై నిదురించుచున్న బీహారు కూలీలు పదునొకండుగురు మడిసిరి. క్రింద షట్టరు మూసియుండెను; దిగుటకున్నది ఒక్క మరమెట్ల నిచ్చెన. ఒకడు కిటికీనుండి దూకి బ్రదికెను. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదులో క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన లాడ్జి గల భవనమున ఎనమండుగురు. 2023 మార్చి 16 సాయంకాలము స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు. అందరును యువతీయువకులు, జిల్లాలనుండి ఉద్యోగమునకై వచ్చినవారు. వారిని మంట తాకలేదు. పొగ ఊపిరి తీసెను. 2025 మే 18న చార్మినారు ప్రక్కన గుల్జార్ హౌజ్ నందలి ఒక పాత ఇంట పదునేడుగురు, అందులో ఎనమండుగురు పిల్లలు. ఆ ఇంటికి సొరంగమువంటి ఒక ఇరుకు ప్రవేశము, పైకి ఒక ఇరుకు మెట్లదారి. ఆదివారపు ఉదయము, అందరు ఇంటనే యుండిరి.

ఈ పేరులు వరుసగా చదువునప్పుడు మాకు మదీనాగూడ వాచ్‌మన్ జేబు కన్నులకు కట్టును. అతనిని నిందించుట తగదు. బండి పోయినప్పుడు అతని జీతము కోయుదురు. గంటకు నిదుర చెడినప్పుడు అతనినే తిట్టుదురు. తాళము వేయుమనినది అతడు కాదు, మీట నొక్కుమనినదియు అతడు కాదు. మరునాటి ఉదయము మా బావమరదిగారితో ఈ మాట యెత్తితిమి. ఆయన అపార్టుమెంటు సంఘమునకు కోశాధికారి. "నిజమే గానీ బావగారూ, దొంగ వచ్చినా దారి తెరిచే ఉంటుంది గదా" అనిరి. ఇరాక్వాయ్ నాటకశాల కథ చెప్పితిమి. ఆయన విని, అట్టి కమ్మి వెల యెంతయో కనుగొందునని తలయూచిరి.

మొన్న సంక్రాంతికి మరల అచ్చటికి పోయితిమి. గ్రిల్ గేటు ఉన్నది, తాళము లేదు. లోపలివైపున చేతికందు ఎత్తున ఒక గడియ, బయటివారి చేయి దూరకుండ దానిచుట్టు రేకు. కమ్మి వెల ఎక్కువని సంఘమువారు బోయినపల్లి వెల్డింగు మనిషి చేత ఇది చేయించిరట. మా బావమరదిగారి మనుమరాలు, ఆరేండ్ల పిల్ల, మాకు దానిని తీసి చూపించెను. మూడు మార్లు తీసి మూడు మార్లు వేసెను. నడవలోని గంటను గూర్చి అడిగితిమి. దానిని వంటఇండ్ల యెదుటనుండి మార్చుటకు మనిషి రావలసియున్నదనిరి. అంతవరకు దాని నోటికి కట్టిన ప్లాస్టిక్ సంచి అట్లే యున్నది.